'ప్రత్యేకంగా నివేదించలేదు': మంత్రుల లిఖితపూర్వక జవాబుల్లో ఏముంటుంది, ఏముండదు

2021 మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ పీడనం పడిపోయింది. రావాల్సిన ట్యాంకర్ ఆలస్యమైంది. చికిత్స పొందుతున్న కోవిడ్ రోగుల్లో 11 మంది చనిపోయారని జిల్లా కలెక్టర్ ప్రకటించారు. రాష్ట్ర ప్రభుత్వం విచారణకు ఆదేశించింది, ఒక్కో కుటుంబానికి పది లక్షల రూపాయల పరిహారం ఇస్తామంది. ఆ వారం తెలుగువాళ్లు ఏ ఇద్దరు కలిసినా ఇదే మాట.

71 రోజులు గడిచాయి. జులై 20న రాజ్యసభలో కాంగ్రెస్ సభ్యుడు కె.సి. వేణుగోపాల్ అడిగిన ప్రశ్నకు కేంద్ర ఆరోగ్య శాఖ సహాయ మంత్రి భారతీ ప్రవీణ్ పవార్ లిఖితపూర్వకంగా బదులిచ్చారు. రెండో వేవ్‌లో ఆక్సిజన్ అందక రోడ్ల మీద, ఆస్పత్రుల్లో పెద్ద సంఖ్యలో రోగులు చనిపోయిన మాట వాస్తవమేనా అన్నది ప్రశ్న. ఆరోగ్యం రాష్ట్రాల పరిధిలోని అంశం, మరణాలు ఎలా నివేదించాలో మార్గదర్శకాలిచ్చాం, రాష్ట్రాలు ఆ ప్రకారం వివరాలు పంపుతున్నాయి, అయితే ఆక్సిజన్ కొరత వల్ల మరణాలు జరిగినట్టు రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు ప్రత్యేకంగా నివేదించలేదు అన్నది జవాబు.

మర్నాడు చాలాచోట్ల 'ఆక్సిజన్ లేక ఎవరూ చనిపోలేదన్న కేంద్రం' అని పతాక శీర్షికలు వచ్చాయి. చదివిన ప్రతివాళ్లకూ కడుపు రగిలింది. ఆ కోపం న్యాయమైనదే. కానీ జవాబు ఆ మాట అనలేదు. ఎవరూ చనిపోలేదని మంత్రి సంతకం చేసి చెప్పి ఉంటే అది అబద్ధమని నిరూపించవచ్చు, సభా హక్కుల నోటీసు ఇవ్వవచ్చు. 'ప్రత్యేకంగా నివేదించలేదు' అన్నదాన్ని అలా పట్టుకోలేం. రాష్ట్రాలు పంపే రోజువారీ పట్టికలో ఎంతమంది చనిపోయారన్న గడి ఉంటుంది, ఆక్సిజన్ అందక ఎంతమంది అన్న గడి ఉండదు. లేని గడిలో అంకె పడదు కదా. అదే జవాబులో ఇంకో వాక్యం కూడా ఉంది, దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ: మొదటి వేవ్‌లో దేశంలో ఆక్సిజన్ గరిష్ఠ గిరాకీ 3,095 టన్నులైతే రెండో వేవ్‌లో అది దాదాపు 9,000 టన్నులకు చేరింది. గిరాకీ మూడింతలైందని ఒప్పుకున్న కాగితమే ఆ మూడింతల్లో అందనిదెంతో చెప్పకుండా ముగిసింది.

ఈ జవాబులను కొన్నేళ్లుగా చదువుతున్నాను. టీవీలో కనిపించే గొడవ కంటే ఎవరూ చూడని ఈ కాగితాల్లోనే ప్రభుత్వం ఎక్కువ దొరుకుతుందని నా నమ్మకం. అయితే అవి ఎలా తయారవుతాయో తెలియకపోతే ఆ దొరికింది చేజారిపోతుంది.

పార్లమెంటులో ప్రశ్నలు ప్రధానంగా రెండు రకాలు. నక్షత్రం గుర్తున్న ప్రశ్నకు మంత్రి సభలో లేచి నోటితో జవాబు చెప్పాలి, దానిమీద అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. నక్షత్రం లేని ప్రశ్నకు జవాబు కాగితం మీదే వస్తుంది, అనుబంధ ప్రశ్న ఉండదు. లోక్‌సభలో రోజుకు నక్షత్ర ప్రశ్నలు 20, నక్షత్రం లేనివి 230. రాజ్యసభలో 15, 160. నక్షత్ర ప్రశ్నల్లో కూడా గంటలో నోటి దాకా వచ్చేవి సాధారణంగా నాలుగైదే, మిగతావాటి జవాబులూ కాగితాలుగానే సభ ముందుకు వెళ్తాయి. అంటే ప్రశ్నోత్తరాల సమయమని మనం టీవీలో చూసేది పైపై నురగ మాత్రమే.

సభ్యుడు కనీసం 15 రోజుల ముందు నోటీసివ్వాలి. నోటీసులు లాటరీకి వెళ్తాయి, ఏ ప్రశ్న ముందో అక్కడ తేలుతుంది. మంత్రిత్వ శాఖలను అయిదు బృందాలుగా విడగొట్టి, ఒక్కో బృందానికి వారంలో ఒక రోజు కేటాయిస్తారు. ఇక్కడొక లెక్క చూడండి. 17వ లోక్‌సభ అయిదేళ్లలో 274 రోజులు సమావేశమైంది, సగటున ఏడాదికి 55. అయిదు బృందాలకు పంచితే ఒక శాఖకు ఏడాదిలో దక్కే వంతులు 11. ఆరోగ్య శాఖను గానీ జలశక్తి శాఖను గానీ దేశం మొత్తం తరఫున 543 మంది సభ్యులు ప్రశ్నించగలిగేది ఏడాదికి పదకొండు రోజులే. లాటరీలో పేరు రాకపోతే, నోటీసు తిరస్కరణకు గురైతే, సమావేశాలు మధ్యలో వాయిదా పడితే ఆ పదకొండూ తరిగిపోతాయి. మన రెండు రాష్ట్రాల శాసనసభలు కూర్చునే రోజులు ఇంతకంటే కూడా బాగా తక్కువ.

తిరస్కరించడానికి లోక్‌సభ నియమావళిలో 41వ నియమం కింద పెద్ద జాబితానే ఉంది. ప్రశ్న 150 మాటలు దాటకూడదు. అందులో వాదన, ఊహ, ఎత్తిపొడుపు, నింద ఉండకూడదు. మంత్రి అభిప్రాయం అడగకూడదు. కోర్టులో ఉన్న విషయం, కేంద్రానికి ప్రధానంగా సంబంధం లేని విషయం అడగకూడదు. అందరికీ అందుబాటులో ఉన్న పత్రాల్లో దొరికే సమాచారం కోరకూడదు. వీటిలో చాలావాటికి కారణం ఉంది. 'మీరు రైతులను ఎందుకు మోసం చేస్తున్నారు' అన్న ప్రశ్నకు జవాబుగా ఉపన్యాసం వస్తుంది, అంకె రాదు. కానీ 'కేంద్రానికి ప్రధానంగా సంబంధం లేనిది' అన్న ఒక్క గీత మాత్రం చాలా దూరం సాగుతుంది. పోలీసు, ప్రజారోగ్యం, నీటిపారుదల రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. ఢిల్లీలో అడిగితే రాష్ట్రానిదంటారు, రాష్ట్రంలో అడుగుదామంటే సభే జరగదు.

ప్రశ్న అనుమతి పొందాక ఏ శాఖకు చెందుతుందో ఆ శాఖకు వెళ్తుంది. అక్కడ ఒక సెక్షన్‌లో గుమస్తా, సెక్షన్ ఆఫీసరు పాత ఫైళ్లు తిరగేస్తారు. ఇదే ప్రశ్న ఇంతకుముందు వచ్చిందా, అప్పుడేం చెప్పాం అన్నది మొట్టమొదట చూస్తారు. అందుకే ఏళ్ల తరబడి ఒకే వాక్యం జవాబు నుంచి జవాబుకు నడుస్తూ పోతుంది. కొత్త సమాచారం కావాలంటే రాష్ట్రాలకు మెయిల్ పెడతారు, కొన్ని బదులిస్తాయి, కొన్ని ఇవ్వవు. ముసాయిదా పై అధికారుల చేతులు మారి, పదాలు నున్నబడి మంత్రి దగ్గరికి చేరుతుంది. ఈ దారిలో ఎవరూ అబద్ధం రాయాలని కూర్చోరు. తర్వాత తప్పని తేలే అవకాశం ఉన్న ప్రతి మాటనూ తీసేస్తూ పోతారు, అంతే. చివరికి మిగిలేది తప్పు పట్టలేని వాక్యం. అది నిజాన్ని పూర్తిగా చెప్పే వాక్యం కావాలని లేదు.

జవాబు రూపం చూస్తే కూడా కొంత తెలుస్తుంది. సభ్యుడు తన ప్రశ్నను (ఎ), (బి), (సి), (డి) అని ముక్కలు చేసి పంపుతాడు. జవాబు కూడా ముక్కముక్కకూ విడిగా వస్తే ఆ శాఖ దగ్గర వివరాలున్నట్టు. '(ఎ) నుంచి (డి) వరకు' అని అన్నిటికీ కలిపి ఒకే పేరా వస్తే, ఏ ముక్కకు జవాబు లేదో వేలు పెట్టి వెతకాలి. చాలాసార్లు అది (సి) అవుతుంది: ఎంతమంది, ఎంత డబ్బు, ఏ తేదీలోగా అని అడిగిన ముక్క. ఇక మన శాసనసభల కాగితాలు చదివినవాళ్లకు 'ప్రశ్న ఉత్పన్నం కాదు' అన్న మాట బాగా తెలుసు. మొదటి ముక్కకు 'లేదండి' అంటే చాలు, తర్వాతి ముక్కలన్నీ వాటంతట అవే రాలిపోతాయి.

ఆ రాలిపోవడం ఎంత దారుణంగా ఉండగలదో 2020 సెప్టెంబరులో చూశాం. కోవిడ్ పేరుతో ఆ సమావేశాల్లో ప్రశ్నోత్తరాల సమయాన్ని రద్దు చేశారు, లిఖితపూర్వక జవాబులు మాత్రమే మిగిలాయి. లాక్‌డౌన్‌లో సొంతూళ్లకు వెళ్తూ ఎంతమంది వలస కూలీలు చనిపోయారని లోక్‌సభలో అడిగారు. సెప్టెంబరు 14న కార్మిక శాఖ ఇచ్చిన జవాబు: అలాంటి సమాచారం మా దగ్గర నిర్వహించడం లేదు. వాళ్ల కుటుంబాలకు పరిహారం ఇచ్చారా అన్న ముక్కకు: పై జవాబు దృష్ట్యా ఆ ప్రశ్న ఉత్పన్నం కాదు. ఆ ఏడాది మే 8న ఔరంగాబాద్ దగ్గర పట్టాల మీద నిద్రపోయిన 16 మంది కూలీల మీదుగా గూడ్సు రైలు వెళ్లిపోయింది. దేశమంతా ఆ పట్టాల మీద చెల్లాచెదురైన రొట్టెల ఫొటో చూసింది. లెక్క లేదు కాబట్టి చనిపోయినవాళ్లు లేరు, లేరు కాబట్టి పరిహారం ఊసు లేదు అన్న వరస ఆ రెండు వాక్యాల్లో ఉంది. చదివి చాలాసేపు ఆ కాగితం పక్కన పెట్టలేకపోయాను.

అయితే అదే వారంలో, సెప్టెంబరు 18న, రాజ్యసభలో తృణమూల్ కాంగ్రెస్ సభ్యుడు డెరెక్ ఓబ్రియెన్ ప్రశ్నకు రైల్వే మంత్రి పీయూష్ గోయల్ జవాబిచ్చారు. వలస కూలీల కోసం నడిపిన శ్రామిక్ ప్రత్యేక రైళ్లలో ప్రయాణిస్తూ సెప్టెంబరు 9 నాటికి 97 మంది చనిపోయారు, 87 మృతదేహాలకు రాష్ట్రాల పోలీసులు పోస్టుమార్టం చేయించారు, 51 నివేదికలు అందాయి అని. ఒకే ప్రభుత్వం, ఒకే వారం. ఒక శాఖ దగ్గర లెక్కే లేదు, ఇంకో శాఖ దగ్గర పోస్టుమార్టం నివేదికల సంఖ్య దాకా ఉంది. తేడా ఎక్కడుందంటే, రెండో ప్రశ్న రైళ్ల గురించి అడిగింది. రైల్లో ఎవరైనా చనిపోతే రైల్వే పోలీసులు నమోదు చేసి తీరాలి. ఆ పుస్తకం ఏ శాఖలో ఉందో తెలిసి అడిగిన ప్రశ్న అది. లిఖితపూర్వక ప్రశ్న వేయడంలో ఉన్న విద్య అంతా ఇదే: కాగితం ఎవరి బీరువాలో ఉందో కనుక్కుని, ఆ బీరువా తాళం పేరుతో అడగడం.

ఒక్కోసారి తాళం చట్టంలోని నిర్వచనంలో ఉంటుంది. 2021 ఫిబ్రవరిలో సామాజిక న్యాయ శాఖ చెప్పిన ప్రకారం అంతకుముందు అయిదేళ్లలో మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేస్తూ 340 మంది చనిపోయారు. అదే ఏడాది జులైలో అదే శాఖ రాజ్యసభకు చెప్పింది: చేతులతో మలం ఎత్తే పని వల్ల మరణాలేవీ నమోదు కాలేదు. రెండూ పక్కపక్కన పెడితే మతి పోతుంది. కానీ 2013 చట్టం రెంటినీ వేరు చేసింది. అపరిశుభ్ర మరుగుదొడ్లు, గుంతల వంటి చోట్ల నుంచి చేతులతో మలం ఎత్తడం ఒక నిర్వచనం, రక్షణ సామగ్రి లేకుండా కాలువలోకి, ట్యాంకులోకి దిగడం 'ప్రమాదకర శుభ్రత' అన్న ఇంకో నిర్వచనం. ఊపిరాడక చనిపోయేది రెండో పనిలో. సభ్యుడు మొదటి మాట వాడితే జవాబు సున్నా, రెండో మాట వాడితే వందల్లో. దిగినవాడు ఒక్కడే, వాడి కులమూ ఒక్కటే. చట్టంలోని రెండు పదాల మధ్య సందులో అతని చావు కనపడకుండా పోతుంది.

మనకు బాగా దగ్గరిది పోలవరం. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టం 2014లోని 90వ సెక్షన్ దాన్ని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. అప్పటి నుంచీ ఆంధ్రప్రదేశ్ ఎంపీలు ఏ పార్టీ వాళ్లయినా దాదాపు ప్రతి సమావేశంలో దానిమీద ప్రశ్న వేశారు. జవాబుల్లో మూడు అంకెలు పదే పదే వచ్చేవి. 2017-18 ధరల ప్రకారం 55,548.87 కోట్ల అంచనాను సాంకేతిక సలహా సంఘం 2019లో అంగీకరించింది. సవరించిన అంచనాల కమిటీ 47,725.74 కోట్లకు సిఫారసు చేసింది. 2013-14 ధరల ప్రకారం నీటిపారుదల విభాగం ఖర్చు 20,398.61 కోట్లు. మొదటి అంకె పట్టుకుని ఒక పార్టీ కేంద్రం యాభై అయిదు వేల కోట్లు ఒప్పుకుందని చెప్పింది, మూడోది పట్టుకుని ఇంకొకరు ఇరవై వేలే ఇస్తారట అన్నారు. జవాబులు చదివితే అంకెల పక్కన ఉన్న క్రియలు కనిపిస్తాయి: అంగీకరించింది, సిఫారసు చేసింది. 'చెల్లిస్తాం' అన్న క్రియ ఆ పెద్ద అంకెల పక్కన ఎప్పుడూ లేదు. కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 28న ఆమోదించింది నాలుగో అంకె: 30,436.95 కోట్లు, అదీ 41.15 మీటర్ల నీటి మట్టం వరకు.

ఆ మట్టం సంగతే అసలు ముడి. పోలవరం పూర్తి జలాశయ మట్టం 45.72 మీటర్లు. 'పోలవరం ఎప్పటికి పూర్తవుతుంది' అని అడిగితే వచ్చే తేదీ ఏ మట్టానికో ముందు అడగాలి. నిర్వాసితుల లెక్క కూడా మట్టంతోనే మారుతుంది. మొత్తం మీద ముంపు కుటుంబాలు 1,06,006 అని కేంద్రం జవాబులే చెప్పాయి, 41.15 దాకా లెక్కేస్తే వాటిలో ఒక భాగమే. 'నిర్వాసితులకు పునరావాసం ఎంత శాతం పూర్తయింది' అన్న ప్రశ్నలో మట్టం లేకపోతే, జవాబిచ్చేవారు తమకు అనువైన హారం ఎంచుకోవచ్చు. ఆ రెండు మట్టాల మధ్య నాలుగున్నర మీటర్ల ఎత్తులో బతుకుతున్న ఊళ్లు ఆ శాతంలో ఉండకుండా పోతాయి. కుక్కునూరు, వేలేరుపాడు మండలాల మనుషులు ప్రతి వరదకూ గట్టెక్కి కూర్చునేది ఆ ఎత్తులోనే.

ఇక 'పరిశీలనలో ఉంది', 'సమాచారం సేకరిస్తున్నాం, సభ ముందుంచుతాం' అన్న జవాబులను తప్పించుకోవడమని కొట్టిపారేస్తాం. పార్లమెంటు దృష్టిలో మాత్రం అవి హామీలు. ఏయే మాటలు హామీ కింద లెక్కో ఒక పట్టికే ఉంది. లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ 1953 నుంచి, రాజ్యసభలో 1972 నుంచి పనిచేస్తున్నాయి. హామీని మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే శాఖ గడువు పెంచమని అడగాలి, వద్దనుకుంటే ఎందుకు వదిలేయాలో కమిటీకి చెప్పుకోవాలి. ఏళ్ల తరబడి తేలని హామీలు ఎన్నో ఉంటాయి, నిజమే. అయినా ఆ కమిటీ అధికారులను పిలిపించి కూర్చోబెట్టగలదు. విలేకరికి ఇచ్చిన మాటకు ఆ బరువు లేదు.

ఈ బరువు పుట్టడానికి చాలా కాలం పట్టింది. బ్రిటిష్ వాళ్లు శాసన మండళ్లలో ప్రశ్న వేసే హక్కు ఇచ్చింది 1892 చట్టంతో. 1909లో అనుబంధ ప్రశ్న వచ్చింది, అదీ ప్రశ్న వేసిన సభ్యుడికే. స్వాతంత్ర్యం వచ్చిన పదేళ్లకు దాని పదును తెలిసింది. కొత్తగా ఏర్పడిన ఎల్ఐసీ 1957లో వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల వాటాలు సుమారు కోటీ పాతిక లక్షల రూపాయలకు కొన్నది. ఆ ఏడాది సెప్టెంబరులో ఆ కొనుగోలు గురించి లోక్‌సభ సభ్యుడు రామ్ సుభగ్ సింగ్ అడిగితే సూటిగా జవాబు రాలేదు. నవంబరులో మళ్లీ అడిగారు. డిసెంబరు 16న ఫిరోజ్ గాంధీ ఆ జవాబులన్నీ ముందు పెట్టుకుని చర్చ లేవదీశారు. అధికార పక్షం సభ్యుడే, ప్రధాని అల్లుడే. ఆ కొనుగోలుపై విచారణకు ఛాగ్లా కమిషన్ వేశారు, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. మొదటి జవాబు ఏమీ చెప్పలేదు. కానీ అది రికార్డులో ఉంది కాబట్టి రెండో ప్రశ్నకు నిలబడే చోటు దొరికింది.

ప్రశ్నకు విలువుంది కాబట్టే దాన్ని అమ్ముకున్నవాళ్లూ ఉన్నారు. ప్రశ్న వేయడానికి డబ్బు తీసుకుంటూ రహస్య కెమెరాకు చిక్కిన 11 మంది ఎంపీలను 2005 డిసెంబరు 23న బహిష్కరించారు, 2007లో సుప్రీంకోర్టు ఆ బహిష్కరణను సమర్థించింది. నాకు దానికంటే ఎక్కువ బాధ కలిగించేది మరొకటి. సమాచార హక్కు చట్టంలోని 8వ సెక్షన్‌లో ఒక వాక్యం ఉండేది: పార్లమెంటుకు, శాసనసభకు నిరాకరించలేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ నిరాకరించకూడదు. ఎంపీకీ మామూలు మనిషికీ మధ్య గోడ లేదని చెప్పిన వాక్యం అది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఆ నిబంధనను తిరగరాస్తూ దాన్ని తీసేసింది. మనం అడగలేనిది మన ఎంపీ అడగాల్సిన అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది.

ఎంపీ ఏం అడిగారో చూడటం కష్టమేమీ కాదు. పార్లమెంటు వెబ్‌సైటులో సభ్యుని పేరు ఎంచుకుంటే వేసిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు తేదీలతో సహా ఉంటాయి. ఎన్ని ప్రశ్నలు వేశారన్న సంఖ్యను చూసి మార్కులు వేయకండి. నాలుగు జవాబులు తెరిచి, ఒకే విషయం మీద రెండోసారి, మూడోసారి మాట మార్చి అడిగారా అన్నది చూడండి.

తిరుపతి విషయంలో అలాగే జరిగింది. జులై జవాబు మీద దుమారం రేగాక, ఆక్సిజన్ మరణాల వివరాలు పంపమని కేంద్రం రాష్ట్రాలకు రాసింది. లేని గడిని గీయాల్సి వచ్చింది. ఆగస్టు 9న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బదులు పంపింది. రుయా ఘటన జరిగి సరిగ్గా మూడు నెలలైన రోజున, ఆగస్టు 10న, అదే సహాయ మంత్రి రాజ్యసభకు ఇచ్చిన లిఖితపూర్వక జవాబులో ఆ విషయం చేరింది: 10 కిలోలీటర్ల ఆక్సిజన్ ట్యాంకు నుంచి ప్రత్యామ్నాయ వ్యవస్థకు మారే మధ్య సమయంలో గొట్టాల్లో పీడనం తగ్గడం వల్ల వెంటిలేటర్ మీద ఉన్న కొందరు రోగులు మరణించి ఉండవచ్చని ప్రాథమిక విచారణ సూచిస్తోంది.

ఘటన తేదీ ఉంది, ఆస్పత్రి పేరు ఉంది, ట్యాంకు ఎన్ని కిలోలీటర్లో ఉంది. చనిపోయినవాళ్ల సంఖ్య ఉండాల్సిన చోట 'కొందరు' అని ఉంది.